విండోస్ వైద్య పరికర సాఫ్ట్‌వేర్ – లినక్స్‌లో వినియోగం: అవగాహన

నేపథ్యం
గ్లూకోమీటర్, బీపీ మిషన్, సీప్యాప్ వంటి గృహ వైద్య పరికరాలు తీసిన కొలతలను తమలోనే నిల్వ చేసుకుంటాయి. వాటిని చదివే సాఫ్ట్‌వేర్‌ను పలు తయారీ సంస్థలు విండోస్‌కు మాత్రమే ఇచ్చాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్స్‌లో ఆ ప్రోగ్రామ్‌లు నేరుగా పనిచేయవు. ప్రాసెసర్ ఒకటే అయినా ప్రోగ్రామ్ ఫైల్ నిర్మాణం వేరు (విండోస్‌లో పీఈ, లినక్స్‌లో ఈఎల్ఎఫ్), ఆపరేటింగ్ సిస్టమ్ సేవలను కోరే ఏపీఐలూ వేరు.

సమాచారం వచ్చే మార్గం
పద్ధతిని ఎంచుకునే ముందు పరికరం కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుతుందో తేల్చుకోవాలి. ప్రధాన మార్గాలు మూడు: మెమరీ కార్డులోని ఫైల్, సీరియల్ కేబుల్, సొంత డ్రైవర్ కోరే యూఎస్‌బీ. మొదటిది అతి సులభం, మూడోది అతి కష్టం. బ్లూటూత్ పరికరాలు వేరే కోవకు చెందుతాయి.

వైన్
విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే వైన్ 1993లో ప్రారంభమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ నాయకత్వం వహిస్తున్నారు. 1.0 వెర్షన్ 2008 జూన్ 17న వెలువడింది, అంటే పదిహేనేళ్ల కృషి. పూర్తి పేరు ‘వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్’. దీన్ని ఎమ్యులేటర్‌గా భావించడం తప్పు. ఇది ప్రాసెసర్‌ను అనుకరించదు, విండోస్ ఏపీఐ పిలుపులను లినక్స్‌కు అర్థమయ్యే పోసిక్స్ పిలుపులుగా మారుస్తుంది. కాబట్టి విండోస్ లైసెన్సు అక్కర్లేదు.

సీరియల్ కేబుల్‌ను లినక్స్ సాధారణంగా ‘టీటీవైయూఎస్‌బీ0’గా గుర్తిస్తుంది, వైన్ దాన్ని కామ్ పోర్టుగా ప్రోగ్రామ్‌కు చూపుతుంది. డెబియన్, ఉబుంటులలో వినియోగదారుడు ‘డయలౌట్’ గ్రూపులో లేకపోతే పోర్టు తెరుచుకోదు. చాలామంది వైన్‌ను తప్పుపట్టేది ఇక్కడే, కానీ లోపం అనుమతిది. సొంత కెర్నల్ డ్రైవర్ కోరే యూఎస్‌బీ పరికరాల విషయంలో మాత్రం వైన్ మీద ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

వర్చువల్ మెషీన్
ఇందులో అసలు విండోస్‌నే లినక్స్ లోపల నడుపుతారు, కాబట్టి విండోస్ లైసెన్సు తప్పనిసరి. దీనికి వాడే సాధనాల్లో కేవీఎం 2007లో లినక్స్ కెర్నల్ 2.6.20తో చేరింది. అదే ఏడాది ఇన్నోటెక్ సంస్థ మరో సాధనమైన వర్చువల్‌బాక్స్‌ను ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. అది 2008లో సన్‌కు, 2010లో ఒరాకిల్‌కు చేరింది. యూఎస్‌బీ పాస్‌త్రూ ద్వారా పరికరాన్ని నేరుగా లోపలి విండోస్‌కు అప్పగించవచ్చు, తయారీదారు డ్రైవర్ అక్కడ యథాతథంగా పనిచేస్తుంది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌ను మాత్రం ఈ దారిలో చేయకూడదు. అప్‌డేట్ మధ్యలో కొన్ని పరికరాలు కనెక్షన్ తెంచుకుని వేరే యూఎస్‌బీ గుర్తింపు సంఖ్యతో మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అప్పుడు పాస్‌త్రూ తెగి పరికరం పనికిరాకుండా పోయే ప్రమాదముంది. ఆ ఒక్క పనికి అసలైన విండోస్ కంప్యూటర్ వాడటమే క్షేమం.

సీప్యాప్ – ఆస్కార్
నిద్రలో శ్వాస 10 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువసేపు ఆగడాన్ని ఆప్నియా అంటారు. దీని చికిత్సకు మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ విధానాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్ బృందం 1981లో ప్రకటించింది. శ్వాస ఆగడం, తగ్గడం గంటకు ఎన్నిసార్లు జరిగిందో ఏహెచ్ఐ సూచిక తెలుపుతుంది. పెద్దలలో 5 లోపు సాధారణం, 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం.

సీప్యాప్ యంత్రాల తయారీ సంస్థ రెస్‌మెడ్ వారి రెస్‌స్కాన్ విండోస్ ప్రోగ్రామ్. కానీ ఆ యంత్రాల ఎస్‌డీ కార్డులో ఉండేది 1992 నాటి ఈడీఎఫ్ ఫైల్ విధానం. దాన్ని చదివే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ స్లీపీహెడ్, దాని కొనసాగింపు ఆస్కార్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఆస్కార్ నడుస్తుంది, కాబట్టి ఇక్కడ వైన్, వర్చువల్ మెషీన్ రెండూ అనవసరం.

కార్డును కంప్యూటర్‌లో పెట్టే ముందు దాని పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపాలి. లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ కనిపించని ఫైళ్లను అందులో రాసే అవకాశముంది. తిరిగి యంత్రంలో పెట్టేటప్పుడు లాక్ తీయడం మరవకూడదు, లాక్ ఉన్న కార్డులో ఆ రాత్రి వివరాలు నమోదు కావు.