డిస్కు మీది రెండో పేరు

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌గా కొత్తగా చేరారా? శాంపిళ్లు ఎక్కువ, చేతులు తక్కువ, వార్డు నుంచి ఫోన్లు ఆగవు. ఈ హడావిడిలో ముందుగా దెబ్బతినేది ఈఎస్‌బీఎల్ టెస్టు.

కొన్ని బ్యాక్టీరియాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్‌తో పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులను విరిచేస్తాయి. అలాంటి ఎంజైమే ఈఎస్‌బీఎల్, అంటే ఎక్స్‌టెండెడ్ స్పెక్ట్రమ్ బీటా లాక్టమేజ్. క్లావులనేట్, టాజోబాక్టమ్ లాంటి ఇన్హిబిటర్లు ఆ ఎంజైమ్‌ను పట్టి ఆపుతాయి. ఈ రెసిస్టెన్స్ దూరపు సమస్య కాదు. అండమాన్ షిగెల్లాలో మూడో తరం సెఫలోస్పోరిన్లకు రెసిస్టెన్స్ వేగంగా పెరుగుతోందని ఇక్కడి ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం 2011లోనే ప్రచురించింది.

టెస్టులో సెఫ్టాజిడిమ్ డిస్కు ఒకటి, క్లావులనేట్ కలిపినది ఒకటి పెడతాం. సెఫోటాక్సిమ్‌కూ అంతే. ఏ జతలోనైనా కలిపిన డిస్కు జోన్ 5 మి.మీ. లేదా ఎక్కువ పెరిగితే పాజిటివ్.

ఒక కేసు చూడండి. క్లెబ్సియెల్లాకు సెఫ్టాజిడిమ్ జోన్ 14, కలిపినదానికి 22 వస్తే పాజిటివ్. అదే స్ట్రెయిన్‌కు 14, 16 వచ్చిందనుకోండి, నెగెటివ్ అని రాసేస్తారు. తప్పు మీ డిస్కుదే కావచ్చు. క్లావులనేట్‌కు తేమ పడదు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు వానే. ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్‌ను వెంటనే తెరిస్తే చల్లటి డిస్కుల మీద చెమ్మ చేరుతుంది. వయల్ గది వేడికి వచ్చాకే మూత తీయండి. సిలికా జెల్ పెట్టి, మిగిలినవి వెంటనే లోపల పెట్టండి.

క్యూసీ ఎగ్గొట్టొద్దు. క్లెబ్సియెల్లా ఏటీసీసీ 700603కు సెఫ్టాజిడిమ్ జతలో కనీసం 5 మి.మీ. తేడా రావాలి. ఈ. కోలై ఏటీసీసీ 25922కు తేడా 2 దాటకూడదు. క్యూసీ సరిగ్గా వచ్చినా తొందరపడొద్దు. బ్యాక్టీరియాలో యాంప్‌సీ ఎంజైమ్ కూడా ఉంటే క్లావులనేట్ దాన్ని ఆపలేదు, ఈఎస్‌బీఎల్ మరుగున పడిపోతుంది. ఎన్‌డీఎం ఉన్నా ఇదే తంటా. అది జింక్‌తో పనిచేసే మరో బీటా లాక్టమేజ్. క్లావులనేట్, టాజోబాక్టమ్, చివరికి అవిబాక్టమ్‌కు కూడా లొంగదు. మెరోపెనెమ్‌కూ రెసిస్టెన్స్ కనిపిస్తే వెంటనే మైక్రోబయాలజిస్టుకు చెప్పండి.

ఇంకో పొరపాటు ఫోన్లో జరుగుతుంది. "క్లావ్‌తో జోన్ పెరిగింది కదా, పిప్-టాజ్ ఇవ్వొచ్చా?" అని జూనియర్ డాక్టర్ అడుగుతారు. పిప్-టాజ్ అంటే పిపరాసిలిన్, టాజోబాక్టమ్ కలిపిన మందు. సరేననొద్దు. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని రక్త ఇన్ఫెక్షన్లకు పిప్-టాజ్ తీసుకున్నవారిలో 30 రోజుల్లో 12.3 శాతం చనిపోయారు, మెరోపెనెమ్ తీసుకున్నవారిలో 3.7 శాతం. ప్లేటు మీద ఎంజైమ్ ఆగినంత మాత్రాన మనిషి ఒంట్లో మందు నెగ్గుతుందని కాదు. ఆ ప్రశ్నను మైక్రోబయాలజిస్టుకు అప్పగించండి.

డిస్కులు మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి కాబట్టి ఇండెంట్ ముందే పెట్టండి. క్యూసీ ఫెయిలైన రోజు రిపోర్టు ఆపి, వార్డు అడగక ముందే మీరే ఫోన్ చేయండి, కారణం రిజిస్టర్‌లో రాయండి. ఆలస్యానికి మాట పడొచ్చు. కానీ తప్పు నెగెటివ్ నమ్మి పనిచేయని మందు ఎక్కిస్తే, నష్టపోయేది మంచం మీదున్న పేషెంటు.