వాయిద్యం మారినా వెంట రావలసిన చెవి

సంగీతం మీద ప్రేమ ఉండి, గురువు దగ్గర కూర్చునే వీలు, వాయిద్యం కొనే స్తోమత లేనివాళ్లు చేతికందిన వస్తువునే వాయిద్యం చేసుకుంటారు. ఎండిన సొరకాయ బుర్ర, వెదురు బొంగు, రేకు డబ్బా, నాలుగు తీగలు చాలు, ఏదో ఒకటి పలుకుతుంది. కొన్నేళ్లకు ఇంట్లోకి కీబోర్డు వస్తుంది, ఆ తర్వాత కంప్యూటర్ వస్తుంది. ఈ ప్రయాణాన్ని మనం నాసిరకం నుంచి మేలురకానికి ఎక్కిన మెట్లుగా చెప్పుకుంటాం. ఆ లెక్కలో పొరపాటు ఉందని నా అభిప్రాయం. పనిముట్టు ఖరీదు పెరిగినంత మాత్రాన మనిషి ఎదిగినట్టు కాదు. తాను పుట్టించిన ప్రతి ధ్వనికీ తానే బాధ్యత వహించి, చెవి ఒప్పుకునేదాకా సరిదిద్దుకునే గుణం ఒకటుంది. మొదటి మెట్టు మీద అలవడిన ఆ గుణం చివరి మెట్టు దాకా వెంట వచ్చిందా, దారిలో ఎక్కడైనా జారిపోయిందా అన్నదే ఎదుగుదలకు కొలత.

ఆ గుణం ఎలా అలవడుతుందో వీణ తయారీని చూస్తే తెలుస్తుంది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. కర్రపని ఎంత అందంగా వచ్చినా, 24 మెట్లనూ మైనంలో సరైన చోట నిలబెట్టేదాకా అది వీణ కాదు. తీగను సరిగ్గా సగానికి నొక్కితే పై షడ్జమం పలుకుతుందని, మూడింట రెండు వంతుల దగ్గర పంచమం పలుకుతుందని గణితం చెబుతుంది. మెట్టును వెంట్రుకవాసి అటా, ఇటా జరపాలన్నది మాత్రం చెవే చెప్పాలి. వాయిద్యం కొనుక్కున్నవాడికి ఈ స్వరస్థానాలు సిద్ధంగా అందుతాయి. సొంతంగా చేసుకున్నవాడు వాటిని వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం, దాన్ని ఎవరి మీదికీ నెట్టకుండా దిద్దుకోవడం అతడికి అలవాటవుతాయి.

ఈ అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో కెనడా భౌతిక శాస్త్రవేత్త హ్యూ లె కేన్ జీవితం చూపిస్తుంది. ఆయన పగలు ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో 1945 నుంచి 1948 దాకా ఇంట్లో ఒక ఎలక్ట్రానిక్ వాయిద్యం కట్టారు. దాని మీటను గట్టిగా నొక్కితే శబ్దం పెరుగుతుంది, పక్కకు నెడితే స్వరం జరుగుతుంది. వీణ తీగను పక్కకు లాగి గమకం పలికించే మనకు ఆ కోరిక కొత్త కాదు. మీట నొక్కగానే నిలువుగా నిలబడిపోయే స్వరం ఆయన చెవికి చాలలేదు, అందుకే యంత్రాన్ని వంగేలా చేశారు. 1955లో ఒకే ఒక్క నీటిచుక్క చప్పుడును టేపు మీద పట్టి, తాను తయారుచేసుకున్న యంత్రం మీద దాని వేగాన్ని రకరకాలుగా మార్చి, ‘డ్రిప్సొడీ’ అనే పూర్తి రచన చేశారు. అందులో వినిపించే స్వరాలన్నీ ఆ చుక్కలోంచి వచ్చినవే.

కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి సమస్య తలకిందులైంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే మాక్స్ మాథ్యూస్ అభిరుచి కొద్దీ వయొలిన్ వాయించే ఇంజినీరు. 1957లో ఆయన రాసిన ప్రోగ్రాముతో ఐబీఎం 704 యంత్రం 17 సెకన్ల సంగీతం పుట్టించింది. ధ్వనిని అంకెల వరుసగా రాయగలిగితే కంప్యూటర్ పలికించలేని ధ్వని అంటూ సిద్ధాంతరీత్యా ఉండదని 1963లో ఆయన ఒక వ్యాసంలో వివరించారు. ఏ ధ్వనైనా సాధ్యమైనప్పుడు, చెవికి ఏది నచ్చుతుందన్న ప్రశ్నే మిగులుతుంది. దానికి అంకెలు జవాబు చెప్పవు. మాథ్యూస్ ఆ తర్వాతి కాలంలో ఎలక్ట్రానిక్ వయొలిన్లు తయారుచేశారు, చేతి కదలికతో కంప్యూటర్ సంగీతాన్ని నడిపించే కర్రల జతనూ రూపొందించారు. అంటే కంప్యూటర్ సంగీతానికి దారి వేసినవాడే మళ్లీ చేతి దగ్గరికి వచ్చాడు. అందుకే ఈ ప్రయాణం ఒకే దిక్కుకు సాగే మెట్లదారి కాదంటున్నాను.

లె కేన్, మాథ్యూస్ ఇద్దరూ శాస్త్రవేత్తలు, మామూలు మనిషికి ఇది సాధ్యమా అని ఎవరైనా అడగవచ్చు. మాథ్యూస్ వ్యాసం చదివి కంప్యూటర్ వైపు తిరిగిన జాన్ చౌనింగ్ ఇంజినీరు కాదు, తాళవాద్యాలు వాయించే సంగీత విద్యార్థి. ముప్పై ఏళ్ల ప్రాయంలో ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1967లో ఒక స్వరానికి కంపనాన్ని అంతకంతకూ వేగంగా, లోతుగా పెంచుతూ వింటుంటే, ఒక దశలో కంపనం వినిపించడం మానేసి స్వరం రంగే మారిపోయింది. ఆ మార్పును ముందు పట్టుకున్నది ఆయన చెవి, గణితం తర్వాత వచ్చింది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 కీబోర్డుకు పునాది ఆ వినికిడే. ఇంజినీరింగ్ చదువు లోటును శ్రద్ధ పూడ్చగలదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఫోన్‌లోనే వందల వాయిద్యాలు దొరుకుతుంటే బుర్రలు, తీగలు కట్టుకుంటూ కూర్చోవడం దండగ కాదా అన్నది మరో అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. కచేరీ చేయాలనుకునేవాడికి గురువు, నిత్య సాధన కావాలి. ఆ సమయాన్ని వడ్రంగానికి పెట్టమని నేను చెప్పను. పేదరికాన్ని గొప్ప చేయడమూ నా ఉద్దేశం కాదు, మంచి వాయిద్యం అందనివాడికి అందాల్సిందే. అయితే లేమి ఒక మేలు చేసేది. ఉన్న ఒక్క తీగలో ఏముందో పూర్తిగా వెతికించేది. వంద ధ్వనులు ముందున్నప్పుడు ఒకటి నచ్చకపోతే ఇంకొకటి నొక్కుతాం, నచ్చనిదాన్ని నచ్చేలా చేసే ఓపిక అక్కడే పోతుంది. ఒకప్పుడు పరిస్థితి పెట్టిన హద్దును ఇప్పుడు మనమే పెట్టుకోవాలి. బయటి నిర్బంధం లేనిచోట స్వయంగా నియమం పెట్టుకోగలగడమే వ్యక్తిత్వ వికాసంలో కష్టమైన మెట్టు.

కాబట్టి కంప్యూటర్‌లో సంగీతం మొదలుపెట్టేవాళ్లకు నా సూచన చిన్నది. ఒక నెలపాటు ఒకే ధ్వని తీసుకోండి. స్టీలు గ్లాసు మోత కావచ్చు, తలుపు గడియ చప్పుడు కావచ్చు. ఫోన్‌లో రికార్డు చేసి, దాన్ని పెంచి, తగ్గించి, సాగదీసి, అందులోంచే ఒక చిన్న వరుస కట్టండి. మొదటి వారం విసుగు వస్తుంది. మూడో వారానికి అదే గ్లాసులో ఇంతకుముందు వినపడని స్వరాలు వినపడతాయి. గ్లాసు మారలేదు, వినే మనిషి మారాడు. అలా మారిన మనిషి ఏ కొత్త యంత్రం ముందు కూర్చున్నా దాన్ని తన చెవికి లొంగదీసుకుంటాడు.