ఏ తేదీ లోపల?

మహబూబ్‌నగర్

చిరంజీవి స్రవంతికి, మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎంపీ టికెట్ కోసం ఇప్పటినుంచే తిరుగుతున్న నాయకుల ఇళ్లకు నువ్వూ నీ దోస్తులూ పోయి, ప్రపంచంలో పేదరికం లేకుండా చేసే పనికి మద్దతిస్తామన్న కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారని, ఒక్కరూ కాదనలేదని సంబరంగా రాశావు. పరీక్షలు దగ్గర పెట్టుకుని ఇదేం పిచ్చని మా అక్క బుగులు పడుతోంది. ఆమె సంగతి నేను చూసుకుంటా. నా బుగులు వేరే. ఒక్కరూ కాదనలేదన్నావే, అదే నాకు మింగుడుపడలేదు. కాదనేందుకు ఆ కాగితంలో ఏముంది బిడ్డా? ఎవరి గుత్తకు అడ్డం పడింది? ఏ పద్దులోంచి పైసలు తీయమంది? 1971లో ఇందిరాగాంధీ పేదరికం పోవాలన్న నినాదంతోనే గెలిచారు. ఆనాటి నుంచి ఆ మాట వాడుకోని పార్టీ లేదు. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు 2030 నాటికి కడు పేదరికం ఉండొద్దని ఒప్పుకున్నాయి. అన్ని దేశాలు కలిసి ఒప్పుకున్న మాటకే ఒక తేదీ ఉంది. మీ కాగితానికి లేదు.

పోటీ చేసేవాళ్లను నిలదీసి అడగడమంటే ఏమిటో మన పక్క జిల్లా దేశానికంతా చూపింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాలని దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జల సాధన సమితి నామినేషన్లు వేయించింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది, పోలింగే వాయిదా పడింది. చివరకు గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. మిగిలిన వాళ్లలో దాదాపు అందరి డిపాజిట్లూ గల్లంతయ్యాయి. దీనికి ఢిల్లీ ఇచ్చిన మొదటి జవాబు ఏమిటో తెలుసా? అదే ఏడాది చట్టం మార్చి, లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్లు రాలేదు గానీ నామినేషన్ రేటు పెరిగింది. ఇట్లాంటి పనుల వల్ల ఒరిగేదేమీ లేదనేవాళ్లు ఈ సంగతే ఎత్తిచూపుతారు. వాళ్లు చెప్పేది సగమే. ఆ తర్వాత ఫ్లోరైడ్ మాట ఎత్తకుండా నల్లగొండలో ఓటడిగే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది. 2015లో ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో కట్టారంటే ఊరికే కాదు. వాళ్లు అడిగింది ఒక్కటే, అదీ ఎవరి కంటికైనా కనబడేది. నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చాయా, రాలేదా? మధ్యలో ఇంకో జవాబుకు చోటు లేదు. అయినా ఆ పైలాన్ దాకా రావడానికే పంతొమ్మిదేళ్లు పట్టిందంటే, ఎప్పట్లోగా అన్నది ఎవరి చేతా రాయించుకోకపోవడం కూడా ఒక కారణమని నా లెక్క.

నేను తేదీ తేదీ అని కొట్టుకుంటున్నానని నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ నిజామాబాద్ సంగతి విను. 2019లో అక్కడ 185 మంది పోటీ చేశారు, అందులో నూట డెబ్బై మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిస్తే పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు, గెలిచారు. బోర్డు రాలేదు. 2020లో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఇచ్చి సరిపెట్టుకోమన్నారు. రైతులు సరిపెట్టుకోలేదు. ఆ బాండ్ పేపర్ నకలు ప్రతి సభలోనూ పైకి లేచింది, ప్రత్యర్థి పార్టీలకు అదే ఆయుధమయ్యింది. 2023 అక్టోబరు 1న ప్రధాని మోదీ పసుపు బోర్డు ప్రకటన చేసింది ఎక్కడనుకున్నావు? మన మహబూబ్‌నగర్ సభలోనే. 2025 జనవరిలో బోర్డు మొదలయ్యింది. ఆలస్యమైందన్నది నిజం. అయితే ఆలస్యమైందని మనం అనగలుగుతున్నామంటే అది కాగితం మీద ఉండబట్టే. తేదీ లేని మాటకు ఆలస్యమే ఉండదు.

ఇప్పుడు మీ కాగితంలో ఏం రాయాలో చెప్తా. నారాయణపేట, మక్తల్, కోస్గి పక్క ఊళ్ల నుంచి ముంబైకి, పుణెకు పోయే కూలీలను తీసుకుపోయేది గుంపు మేస్త్రీ. అడ్వాన్స్ ఇచ్చేదీ, లెక్క రాసేదీ, పని పోతే చేతులెత్తేసేదీ అతనే. 1979 వలస కార్మికుల చట్టం ప్రకారం అయిదుగురిని పక్క రాష్ట్రం తీసుకుపోయే కాంట్రాక్టరైనా లైసెన్సు తీసుకోవలసి ఉండేది, ఊరు విడిచినందుకు కూలీకి సగం నెల జీతమంత అదనంగా, దారి ఖర్చులు కూడా ఇవ్వవలసి ఉండేది. అది ఎంతవరకు అమలయ్యిందో మన ఊళ్లకు తెలుసు. వలస కూలీలు నెత్తిన మూటలతో వందల మైళ్లు నడిచిన 2020లోనే పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక స్మృతి ఆ హద్దును అయిదు నుంచి పదికి పెంచింది. ఎనిమిది మంది గుంపు ఎక్కడికి పోవాలి? మీరు అడగవలసింది ఇదే: పదిమందికి తక్కువున్న గుంపుకూ రక్షణ వర్తించేలా సవరణ కోరుతూ, గెలిచిన మొదటి ఏడాదిలోపల లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెడతారా? అది ఎంపీ చేతిలో ఉన్న పని. పెట్టారో లేదో లోక్‌సభ రికార్డులో కనబడుతుంది.

ప్రపంచ పేదరికం గురించి రాస్తే మామ మేస్త్రీల దగ్గర ఆపేశాడని నీకు కోపం రావచ్చు. మన ఇంటి లేమి తీరనిదే మాలీ, నైజర్ గోడు మనకెందుకనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఒకటే జవాబు. మన పాలమూరు వాళ్లు ముంబై పోతుంటే, ఒడిశాలోని బలంగీర్ వాళ్లు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తున్నారు. కరువుకు జిల్లా సరిహద్దు తెలియదు. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, కంది, వేరుశనగ మీద పనిచేస్తోంది. అవే మన మెట్టచేలల్లో పండేవి, అందులో జొన్నా సజ్జా వేరుశనగా సహారా ఎడారి దిగువ దేశాల రైతులకూ ఆధారం. అమెరికా 2025లో తన విదేశీ సాయం సంస్థను మూసేశాక ఇట్లాంటి పరిశోధనల మీద ఒత్తిడి పెరిగింది. ధనిక దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం పేద దేశాలకు ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించినా, ఆ గీత దాటినవి నార్వే, స్వీడన్, డెన్మార్క్ లాంటి కొద్ది దేశాలే. అందుకని రెండో ప్రశ్నగా మెట్టపంటల పరిశోధనకు ఎంత ఇప్పిస్తారు, ఏ బడ్జెట్‌లో అని అడగండి. రెండే చాలు. మూడోది రాశారంటే మొదటి రెండింటినీ మరిచిపోతారు.

ఇంత గట్టిగా అడిగితే ఎవరూ సంతకం పెట్టరని మీ దోస్తులు అంటారు. పెట్టకపోతే పెట్టనీ. నిరాకరించినవాళ్ల పేరు పక్కన ఖాళీ గడి ఉంచి కాగితం అట్లాగే అచ్చు వేయండి. నిండా సంతకాలున్న జాబితా కన్నా ఆ ఖాళీ గడి ఓటరుకు ఎక్కువ చెబుతుంది. ఒక్క పార్టీని వదిలేసినా మిమ్మల్ని ఎవరో పంపారని అంటారు, కాబట్టి అందరి దగ్గరికీ పోవాలి, ఒకే ప్రశ్న ఒకే మాటల్లో అడగాలి. ఒక్కదానివే ఎవరింటికీ పోకు. ఎండ ముదరక ముందే బయలుదేరు, సంచిలో మజ్జిగ సీసా పెట్టుకో, అన్నం మానకు. పరీక్షకు నాలుగు రోజుల ముందు ఇవన్నీ ఆపేయాలి, అక్కకు మాటిచ్చాను.

ఇంకొకటి. పోలింగుకు రెండు రోజుల ముందు అభ్యర్థులే ముంబైకి బస్సులు పంపి మనవాళ్లను రప్పిస్తారు, ఓటు పడగానే మళ్లీ ఎక్కించి పంపేస్తారు. ఉన్నచోటు నుంచే ఓటు వేసే యంత్రం గురించి 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలను పిలిచి చూపబోతే చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి, పని ముందుకు సాగలేదు. వాళ్లు ఊళ్లో ఉండేది ఆ రెండు మూడు రోజులే. మీ ప్రశ్నలు అచ్చు వేసిన కాగితం ఆ బస్సులు దిగే చోటే వాళ్ల చేతికి అందాలి. ఎవరికి ఏ ఊరు అన్నది ఇప్పుడే పంచుకోండి.

మీ మేనమామ