తోలుబొమ్మ నుండి టాకీ వఱకు

చలనచిత్రము మన దేశమునకు రాకమునుపే మన పల్లెలలో తెరయు, దీపమును, నీడయు నుండెను. మేకతోలును పలుచఁగా శుభ్రపఱచి, దానిపై రామరావణాదుల రూపములను వ్రాసి, రంగులద్ది, తెల్లని తెర వెనుక దీపపు వెలుఁగున నాడించుటయే తోలుబొమ్మలాట. ధర్మవరమునకు సమీపముననున్న నిమ్మలకుంటలో నేఁటికిని నీ బొమ్మలను చేయు కుటుంబములు గలవు.

అట్లు బొమ్మలనాడించిన వంశమువారే తరువాత నాటకములాడిరి. వనారస గోవిందరావుగారు 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున “కీచకవధ”ను ప్రదర్శించిరి. ఆ గ్రామము పేరే వారి సమాజమునకు స్థిరమయ్యెను. కుటుంబమంతయు నటకులగుటయు, స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుటయు సురభివారి విశేషములు. హెచ్. ఎమ్. రెడ్డిగారు తొలి తెలుఁగు టాకీయగు “భక్తప్రహ్లాద”ను బొంబాయిలో తీసినప్పుడు సురభి నాటకమునే యాధారముగాఁ గొనిరి. సురభి కమలాబాయిగారు లీలావతి పాత్ర ధరించిరి. కావున టాకీ పట్టణమునఁ దయారైనను, దానికి మాట నేర్పినది మన పల్లె రంగస్థలమే.

అంతకుముందే 1921లో బందరు వాస్తవ్యులగు రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారులు ప్రకాశ్‌గారును మద్రాసులో “భీష్మప్రతిజ్ఞ” యను మూకీ చిత్రమును నిర్మించిరి. విచారకరమైన విషయమేమనఁగా, ఈ రెండు చిత్రములలో నొకటియు నేఁడు లభించుట లేదు. నాఁటి ఫిల్ము నైట్రేటుతోఁ జేయఁబడునది. దానిలోనే ప్రాణవాయువుండుటచే నంటుకొన్న పిమ్మట నీటిలో ముంచినను నాఱదు. కాలక్రమమున జిగురై, పొడియై నశించును. మఱికొన్నిటిని వెండికొఱకుఁ గరఁగించిరి. జాతీయ చలనచిత్ర భాండాగారము పుణెలో 1964లోఁగాని స్థాపింపఁబడలేదు. అప్పటికే పెక్కు చిత్రములు నశించెను.

మిగిలినవానిని మన మెట్లు చూడవలెను? గూడవల్లి రామబ్రహ్మముగారి “మాలపిల్ల” (1938), “రైతుబిడ్డ” (1939) నేఁటికిని లభించుచున్నవి. మొదటిదానిలో అస్పృశ్యతా సమస్యయు, రెండవదానిలో జమీందారీ గ్రామములందలి రైతుల కష్టములును గలవు. “రైతుబిడ్డ”లో కూచిపూడి కళాకారులగు వేదాంతం రాఘవయ్యగారి నృత్యము కూడఁ గలదు. ఇట్టి చిత్రమును ఊరివారందఱిని సమావేశపఱచి చూపినయెడల, అది వినోదముతో ముగియక చరిత్రపాఠ మగును.

ఆ సభలో చిత్రము ముగియఁగానే లేచిపోరాదు. పెద్దలను గౌరవముతోఁ గూర్చుండఁబెట్టి యడుగవలెను: అమ్మమ్మగారూ, మన యూరికి డేరా టాకీసు ఎప్పుడు వచ్చినది? నేల టిక్కెట్టు వెల యెంత? అంతకుముందు ఆ స్థలమున హరికథ చెప్పెడివారా, బొమ్మలాటాడెడివారా? వారు చెప్పిన మాటలను, చెప్పినవారి పేరును, తేదీని వ్రాసికొనవలెను. ఇంటి పెట్టెలలో దాఁగియున్న పాటల పుస్తకములను, కరపత్రములను వెదకవలెను. చిత్రము నశించినచోట నొక్కొక్కప్పుడు పాటల పుస్తకమే దాని సాక్షి.

జ్ఞాపకమొక్కటియే చాలదనుటకు “భక్తప్రహ్లాద”యే నిదర్శనము. అది 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చిరకాలము చెప్పుకొనిరి. నాఁటి సెన్సారు వివరములను, పత్రికలను పరిశీలింపఁగా 1932 ఫిబ్రవరి 6 అని తేలినది. అట్లని జ్ఞాపకమును ద్రోసివేయరాదు. తేదీని కాగితము చెప్పును. ఆ దినమున జనులెట్లు నవ్విరో, యెట్లు కంటఁ దడిపెట్టిరో మనుష్యుఁడే చెప్పవలెను.

విద్యార్థులారా! పోయిన ఫిల్మును మనము తిరిగి తేలేము. ఆ కథలు చెప్పఁగల పెద్దలు మాత్రమింకను మన వీథులలోనున్నారు. రాఁబోవు సెలవులలో మీ యింటి పెద్దల యొద్దకు నొక కాగితమును, కలమును గొనిపొండు.