కరువు మండలంలో వరద ముప్పు: కృష్ణా–తుంగభద్ర తీర పంటలపై ఒక పరిశీలన

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పేర్లు వినగానే వ్యవసాయ విద్యార్థికి స్ఫురించేవి వర్షాభావం, ఎర్ర చల్కా నేలలు, పాలమూరు వలసలు. ఈ ప్రాంతం కోసం మనం రూపొందించే ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు సైతం దాదాపు పూర్తిగా బెట్టను ఉద్దేశించినవే. అయితే ఈ మూడు జిల్లాల దక్షిణపు అంచు కృష్ణా, తుంగభద్ర నదుల ఒడ్డు. ఆ అంచున వరద అరుదు. అరుదైనంత మాత్రాన అది మన సూచనల పరిధిలోకి రానక్కరలేదనుకోవడం పొరపాటని 2009 సంవత్సరం రుజువు చేసింది.

ఆ సంవత్సరం నైరుతి రుతుపవనాల కాలంలో దేశవ్యాప్త వర్షపాతం సాధారణం కంటే సుమారు 22 శాతం తక్కువ. అప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోనూ జూలై, ఆగస్టు మాసాలలో చర్చ అంతా ఎండుతున్న పైర్ల గురించే. సెప్టెంబరు చివరి రోజులలో బంగాళాఖాతపు అల్పపీడన ప్రభావంతో ఉత్తర కర్ణాటక, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో కుండపోత వర్షాలు కురిశాయి. అక్టోబరు 2 నాటికి తుంగభద్ర, హంద్రీ నదుల కూడలిలో పల్లంలో ఉన్న కర్నూలు నగరం నీట మునిగింది. ఎదుటి ఒడ్డున అలంపురం, ఎగువన చేనేతకు పేరుపడిన రాజోలి గ్రామం కూడా ముంపునకు గురయ్యాయి. రాజోలిలో పొలంతోపాటు మగ్గమూ పోయిన కుటుంబాలున్నాయి. పంట నష్టపు అంచనాలలో మగ్గానికి గడి ఉండదు.

ఇక్కడ గమనించవలసిన విషయం, ఆ వాతావరణ వ్యవస్థకు పేరు లేదు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటి తుపానుగా మారినప్పుడే దానికి పేరు పెడతారు. అట్లాంటిక్ తీరంలో హరికేన్ల తీవ్రతను వర్గీకరించేదీ గాలి వేగాన్ని బట్టే. కాని నదీ తీరపు రైతుకు ముప్పు గాలి వలన కాదు; వ్యవస్థ ఎంత నెమ్మదిగా కదులుతుంది, ఏ పరీవాహక ప్రాంతంపై నిలుస్తుంది అన్నదే అతనికి ముఖ్యం. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండానికీ పేరు లేదు. అయినా హైదరాబాదును అది ముంచెత్తింది. తుపాను పేరు ప్రకటించిన తరువాతే మేల్కొనే అలవాటును విస్తరణ విభాగం మానుకోవాలి.

విద్యార్థులు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఒక లక్ష క్యూసెక్కుల ప్రవాహం 24 గంటలు సాగితే 8.64 టీఎంసీల నీరు. 2009లో శ్రీశైలం జలాశయానికి గరిష్ఠంగా 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అదే ప్రవాహం ఒక రోజు నిలిస్తే 216 టీఎంసీలు. పూడిక పోను జలాశయం ప్రస్తుత సామర్థ్యం దాదాపు అంతే. పూర్తి నీటిమట్టం 885 అడుగులు కాగా, ఆనాడు నీరు 896 అడుగులను దాటింది. జలాశయం ఆ స్థాయికి చేరినప్పుడు ఎగువ నదిలో నీరు దిగువకు జారదు. అంటే అలంపురం మండలంలోని పల్లపు పొలాలకు ముందు నుంచి నది, వెనుక నుంచి బ్యాక్‌వాటర్ రెండూ వస్తాయి. కొల్లాపూర్, సోమశిల వైపు మునక రెండవ కారణంగానే ఎక్కువ. అక్కడ నీరు నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా తగ్గుతుంది. పంటకు ఈ నెమ్మదే ప్రమాదకరం.

కరకట్ట ఉన్నచోట మరొక చిక్కు ఉంది. కట్ట నదిని ఆపుతుంది, లోపలి వాననీటినీ ఆపుతుంది. 2005 ఆగస్టులో కత్రినా హరికేన్ సమయంలో న్యూ ఆర్లియన్స్ గోడలు తెగి, నగరంలో సుమారు 80 శాతం మునిగింది. కట్టల వెనుక పళ్లెంలా ఉన్న ఆ పల్లం నుంచి నీటిని వారాల తరబడి తోడవలసి వచ్చింది. కట్ట లోపలి పొలానికి మురుగు కాలువ, తూము లేనిదే రక్షణ సగమే.

ఇక పంటల సంగతి. అక్టోబరు మొదటి వారం ఈ మండలానికి అతి సున్నితమైన సమయం. ఖరీఫ్ వేరుశనగ కోతకు వచ్చి ఉంటుంది. మనం సాగుచేసే గుత్తి రకాలలో చాలావాటికి విత్తన నిద్రావస్థ లేదు. తడి నేలలో నాలుగైదు రోజులుంటే కాయలోనే మొలక వస్తుంది. పీకి కుప్పవేస్తే బూజు, దానితో అఫ్లాటాక్సిన్. వనపర్తి, నాగర్‌కర్నూల్ రైతులు అప్పుడే విత్తిన యాసంగి వేరుశనగ అయితే గింజ దశలోనే కుళ్లుతుంది. వరి కొంత ఓర్చుకుంటుంది గాని పూత దశలో మునిగితే తాలు తప్పదు. 2009లోనే విడుదలైన స్వర్ణ సబ్-1 వంటి రకాలు సుమారు రెండు వారాల మునకను తట్టుకొనేది శాకీయ దశలో మాత్రమే. కనుక "ముంపు రకం వేయండి" అన్న సలహా జూలైలో చెల్లుతుంది, అక్టోబరులో చెల్లదు.

గద్వాల హైబ్రిడ్ పత్తి విత్తన క్షేత్రాల స్థితి వేరు. సాయంత్రం మొగ్గలలోని పుంకేసరాలను తొలగించి, మరునాటి ఉదయం పుప్పొడి అద్దుతారు. ఆ ఉదయం వాన కురిస్తే ఆనాటి కూలీ అంతా వృథా. రెండు మూడు రోజులు వేళ్లకు ప్రాణవాయువు అందకపోతే అంతవరకూ కట్టిన పిందె కూడా రాలుతుంది. ఆర్గనైజరు వద్ద తీసుకొన్న అడ్వాన్సు మాత్రం రాలదు. విస్తరణ శిక్షణలలో నేను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: మీ మండలంలో నదికి కిలోమీటరు లోపల ఎన్ని విత్తన క్షేత్రాలున్నాయి? సమాధానం చెప్పగలిగినవారు తక్కువ. మండల పటంపై 2009 నీటి గీతను గ్రామ పెద్దల సాయంతో గుర్తించి, దాని లోపలి సర్వే నంబర్లను ముందుగా జాబితా చేయడం ఒక వారం పని. విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమంలో సులభంగా చేయవచ్చు.

సెప్టెంబరు 15 నుంచి మనం చూడవలసినవి స్థానిక వర్షమాపకం ఒక్కటే కాదు. జూరాల, సుంకేసుల ప్రవాహాలు, శ్రీశైలం నీటిమట్టం ప్రతిరోజూ చూడాలి. తుంగభద్ర జలాశయం గేట్లు మూసి ఉన్నాయన్న ధీమా పనికిరాదు. 2009 వర్షం ప్రధాన జలాశయాలకు దిగువన సైతం విస్తారంగా కురిసింది. అటువంటి నీరు రోజులలో కాక గంటలలో వస్తుంది. ఆ గంటలలో చేయగలిగినవి కొన్నే: పక్వమైన వేరుశనగను పీకి గట్టుకు చేర్చడం, మోటార్లు, పశువులు, విత్తనపు బస్తాలు తరలించడం. ఎరువు వేయడం, మందు చల్లడం ఆపించాలి.

నీరు తీసిన తరువాత పత్తికి మొదట మురుగు కాలువ, ఆ తరువాతే మందు. నీరు నిలిచిన నేలలో నైట్రేటు నత్రజని వాయురూపంలో పోతుంది, వేరు పోషకాలను తీసుకోలేదు. అందుచేత లీటరు నీటికి 20 గ్రాముల యూరియా లేదా 10 గ్రాముల 13-0-45 వారం వ్యవధిలో రెండుసార్లు పిచికారీ చేయాలి. వడలుతున్న మొక్కల మొదళ్లలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ద్రావణం పోయాలి. ఒండ్రు పలుచగా పేరుకొంటే దున్ని కలపవచ్చు. ఇసుక మేట వేస్తే తొలగించనిదే తేమ నిలవదు, ఆ ఖర్చు రైతు ఒక్కడు భరించగలిగేది కాదు.

పంట పూర్తిగా పోయిన నల్లరేగడిలో పదును రాగానే శనగ విత్తుకోవాలి. నవంబరు మొదటి పక్షం దాటితే దిగుబడి తగ్గుతుంది. కనుక అలంపురం ప్రాంతానికి శనగ విత్తనాన్ని, రైజోబియం కల్చరును అక్టోబరు రెండవ వారానికే గోదాములో ఉంచవలసి ఉంటుంది. గోదాము మాత్రం 2009 నీటి గీతకు పైన ఉండాలి.