లొక్వేషస్ - ఒక మాట, దాని చుట్టాలు



పోటీ పరీక్షల ఇంగ్లిష్ పేపర్లో ఎదురయ్యే విశేషణాల్లో 'లొక్వేషస్' ఒకటి. అతిగా మాట్లాడే మనిషిని గురించి వాడతారు. మన తెలుగులో వాచాలుడు, వదరుబోతు, వాగుడుకాయ. స్పెల్లింగ్: ఎల్-ఓ-క్యూ-యూ-ఏ-సీ-ఐ-ఓ-యూ-ఎస్. పలికేటప్పుడు 'క్వే'ను నొక్కి పలకాలి.

ఒక్క మాటనే బట్టీపడితే వారంలో మరచిపోతాం. దాని వేరు పట్టుకుంటే చుట్టాలన్నీ గుర్తుంటాయి. లాటిన్‌లో 'లొక్వి' అంటే మాట్లాడడం. దాని నుంచి వచ్చిన మరికొన్ని మాటలు:

1. ఎలొక్వెంట్ - చక్కగా, మనసుకు పట్టేలా మాట్లాడే
2. కలోక్వియల్ - వాడుక భాషకు చెందిన
3. సొలిలొక్వీ - నాటకంలో స్వగతం

అర్థంలో దగ్గరగా ఉండి, వాడుకలో తేడా ఉన్నవి:

1. టాకటివ్ - ఎక్కువగా మాట్లాడే. రోజూ వాడే మాట, పెద్దగా నింద లేదు.
2. గ్యారులస్ - అక్కరలేని విషయాలను సాగదీసే. ఇందులో నింద ఉంది.
3. వెర్బోస్ - అవసరాన్ని మించి మాటలు వాడే. రాతకూ వర్తిస్తుంది. రెండు మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు రాస్తే ఆ జవాబు వెర్బోస్.

వీటికి వ్యతిరేక పదం ట్యాసిటర్న్, అంటే స్వభావరీత్యా తక్కువ మాట్లాడే.

గమనించారా? లొక్వేషస్, ఎలొక్వెంట్ ఒకే తల్లి బిడ్డలు. మన 'వాక్కు' నుంచి కూడా ఇలాగే వాచాలుడు, వాగ్మి పుట్టారు. మొదటివాడిని విసుక్కుంటారు, రెండోవాడిని మెచ్చుకుంటారు. విన్నవాడికి ఏం అందిందన్న దగ్గరే తేడా.

ఇక మన సంగతి. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పీజీ సెమినార్లలో మమ్మల్ని లొక్వేషస్ అన్నవారు ఒక్కరూ లేరు. తెలిసిన జవాబు గొంతులోనే ఉండిపోయేది, పక్కవాడు చెప్పేసేవాడు. హాస్టల్ గదిలో అర్ధరాత్రి దాకా ఆగని నోరు ఇంగ్లిష్ అనగానే మూతపడుతుంది. మన మౌనాన్ని చూసి ఇంటర్వ్యూ బోర్డు మితభాషి అనుకోదు, ఏమీ తెలియదనుకుంటుంది.

కాబట్టి స్టడీ అవర్ అయ్యాక ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు ఒక అంశంపై రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. రెండోవారు మధ్యలో ఆపకూడదు, నవ్వకూడదు. తప్పులు చివర్లో చెప్పాలి. తరువాత వంతు మార్చుకోవాలి. లొక్వేషస్ అన్నా ఫరవాలేదు. ఎక్కువైన మాటలను తగ్గించుకోవచ్చు, ముందు మాటంటూ బయటికి రావాలి కదా!