పేరు పట్టేంత చోటు

1. గడి కొలత ముందే ఖాయమైతే పేరే కురచవుతుంది.

పైథాన్ లైబ్రరీ నంపైలో రవి, లక్ష్మి అనే రెండు పేర్లతో ఒక అరే తయారుచేసి చూడండి. రెంటిలో పొడుగైనది లక్ష్మి. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7 యూనికోడ్ సంకేతాలు. కాబట్టి ప్రతి గడికీ 7 చోట్లే దక్కుతాయి. ఇప్పుడు రవి ఉన్న గడిలో 'వెంకటేశ్వర్లు' అని రాయండి. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. తిరిగి చదివితే 'వెంకటేశ' అని ఉంటుంది. అదీ మనిషి పేరే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేను పనిచేసిన ఒకచోట ఇలా తెగిన జాబితాను అసలు ఫైలు మీదే సేవ్ చేశారు. పోయిన అక్షరాలు మళ్లీ దొరకలేదు. అవి మనుషుల పేర్లన్న బాధ నాకింకా తీరలేదు.

2. కంటికి ఆనే అక్షరం వేరు, యంత్రం లెక్కపెట్టేది వేరు.

'శ్రీ' మనకు ఒక్క అక్షరం. పైథాన్ లెక్కలో 4 సంకేతాలు. పైన చూసినట్టు యూనికోడ్ సంకేతాలను దాచే యు రకం అరేలో సంకేతానికి 4 బైట్ల చొప్పున 16 బైట్లు, యూటీఎఫ్-8లో 3 చొప్పున 12. చోటు మిగులుతుందని కొందరు యూటీఎఫ్-8 బైట్లను, బైట్లు దాచే ఎస్ రకం అరేలో పెడతారు. గడికి 10 బైట్లే ఇస్తే 'శ్రీ'లోని దీర్ఘం మొదటి బైటు దగ్గరే తెగిపోతుంది. డీకోడ్ చేయబోతే ఎర్రర్ వస్తుంది. నన్నడిగితే ఆ ఎర్రరే నయం, నష్టం జరిగిందని చెప్పనైనా చెబుతుంది.

3. ఒక్క పొడుగు చిరునామా ఖర్చు అందరి మీదా పడుతుంది.

యు రకం అరేలో 200 సంకేతాల చిరునామా ఒక్కటుంటే చాలు, ప్రతి వరుసకూ 800 బైట్లు. 10 లక్షల వరుసలకు 80 కోట్ల బైట్లు, అందులో చాలా మటుకు ఖాళీయే.

4. కొలిచే ముందు రాత ఒక తీరుకు రావాలి.

'కిరణ్' అని ఇద్దరు టైపు చేస్తే, ఒకరి కీబోర్డు చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చేర్చవచ్చు. అప్పుడు ఒకటి 5, మరొకటి 6 సంకేతాలు. చూపుకు రెండూ ఒకటే, పోల్చితే వేరు. ఐత్వం కూడా అంతే: ఒకే సంకేతంగానూ ఉండవచ్చు, ఎత్వానికి కింది గుర్తు తగిలించి రెండుగానూ ఉండవచ్చు. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ ఈ రెంటినీ ఒకటి చేస్తుంది, ఆ కనిపించని గుర్తు జోలికి మాత్రం పోదు. పదం చివర ఉన్నదాన్ని మనమే తీసెయ్యాలి. వెడల్పు లెక్క ఆ తర్వాతే.

2024లో వచ్చిన నంపై 2.0లో స్ట్రింగ్‌డీటైప్ అనే రకం ఉంది. యూటీఎఫ్-8లో ఏ పేరుకు ఎంత కావాలో అంతే చోటిస్తుంది. పేర్లకు, చిరునామాలకు దాన్నే వాడండి. పొడవు మారని పిన్‌కోడ్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ లాంటివాటికి యు రకం సరిపోతుంది.